ఆరు పిస్టన్ల బ్రేకులు కొనే ముందు

ప్రశ్న: నా దగ్గర 2018 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230 ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇంజిన్ రీమ్యాప్ చేయించాను, అంటే బలం పెరగడానికి దాని కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించాను. బ్రేకులు కంపెనీవే, చక్రాలు 17 అంగుళాలవి. మొన్న చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్ రేస్ ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే సొంత కారును ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజుకి వెళ్ళాను. నాలుగో ల్యాపులో బ్రేక్ పెడల్ మెత్తబడి దాదాపు కిందికంటా దిగిపోయింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే ఎలాగో ఆగింది. పిట్‌లో ముప్పావుగంట ఉన్నాక పెడల్ మళ్ళీ మామూలైంది. విజయవాడ దాకా నడుపుకుంటూనే వచ్చాను, ఏ ఇబ్బందీ రాలేదు. ఇక్కడి వర్క్‌షాప్ వాళ్ళు ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల కాలిపర్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు), 355 మి.మీ. డ్రిల్డ్ (రంధ్రాలు పెట్టిన) డిస్కులు వేయించమంటున్నారు. నాలుగున్నర లక్షలు, చక్రాల ఖర్చు వేరే. ఒక ఫ్రెండేమో పాత పోర్షే కయెన్ కాలిపర్లు తెచ్చి బిగిస్తే అందులో పావు వంతుతో అయిపోతుందంటాడు. అమ్మానాన్నలను ఏటా తిరుమల తీసుకెళ్తాను కాబట్టి ఘాట్‌లో కూడా పనికొస్తాయి కదా అనుకుంటున్నాను. ఏది చేయించమంటారు? కాలిపర్లకు ఎర్ర రంగు వేయించుకోవచ్చా?
– వి.కె., విజయవాడ

సమాధానం: వి.కె. గారూ, కిట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ వారంలోనే బ్రేక్ ఆయిల్ మొత్తం తీయించి కొత్తది పోయించండి. పెడల్ మామూలైందన్న ధీమాతో విజయవాడ దాకా వచ్చేశారు గానీ, ఆ రోజు మరిగిన ఆయిలే ఇప్పటికీ మీ కాలిపర్లలో ఉంది. తిరుమల ప్రయాణం పెట్టుకుంటే అది మార్పించాకే బయల్దేరండి.

వేడెక్కిన బ్రేకులు రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. ఏ రకమో కాలికే తెలిసిపోతుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత బలంగా తొక్కినా కారు వేగం తగ్గనంటోందంటే ప్యాడ్లు వాటి హద్దు దాటి వేడెక్కాయని లెక్క. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగిందని లెక్క. మీకు జరిగింది రెండోది.

ఆయిల్‌ను ఎంత నొక్కినా నలగదు, అందుకే మీ కాలి బలం సన్నటి గొట్టాల్లోంచి కాలిపర్ పిస్టన్ దాకా చేరుతుంది. అదే ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుడితే, తొక్కిన బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది. గబగబా తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తోసే పంపు, పైన డబ్బాలోంచి ఇంకాస్త ఆయిల్ లాక్కుని ముందుకు నెట్టింది కాబట్టి బయటపడ్డారు. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైంది, పెడల్ తిరిగొచ్చింది. మళ్ళీ అంత వేడి తగిలితే మళ్ళీ దిగుతుంది, బహుశా ఈసారి ఇంకా ముందే.

ట్రాక్ అంచున ఉండే గట్టు రాళ్ళ మీదుగా చక్రం ఎగిరినప్పుడు డిస్క్ అటూ ఇటూ ఊగి పిస్టన్లను వెనక్కి నెట్టడం వల్ల కూడా ఒక్కోసారి మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది. కానీ అది ఎక్కువగా రెండువైపులా పిస్టన్లుండే ఫిక్స్‌డ్ కాలిపర్లతో వచ్చే గొడవ, రెండో తొక్కుడుకే పెడల్ మళ్ళీ గట్టిగా తగులుతుంది. మీ కారుకు ముందున్నవి ఒకే పిస్టన్ ఉండి అటూ ఇటూ జరిగే ఫ్లోటింగ్ కాలిపర్లు. పైగా మీ పెడల్ తేరుకోవడానికి ముప్పావుగంట పట్టింది. కాబట్టి నా అనుమానం ఆయిల్ మీదే.

ఆయిల్ ఆఖరిసారి ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి బహుశా మీకూ తెలియదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తీయకపోయినా రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత సందుల్లోంచి మెల్లగా తేమ చేరుతూనే ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో తేమ సంగతి నేను చెప్పనక్కర్లేదు. బ్రేక్ ఆయిళ్ళకు ఉన్న డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక 155 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలు, ప్రమాణం అంతకుమించి అడగదు. ఊళ్ళో తిరగడానికి, హైవేకి అది ధారాళం. ట్రాక్ మీద కాలిపర్‌లోని ఆయిల్ 155 దాటడం పెద్ద విశేషమేమీ కాదు. అందుకే మామూలు వాడకానికే రెండేళ్ళకోసారి మార్చమంటారు. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు రెండేళ్ళు ఆగరు, ఒక్కో సీజన్‌కి రెండుసార్లు మార్చేవాళ్ళూ ఉన్నారు.

ఏది పోయించాలంటే, మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 660 అయితే 325. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ కొత్తది 320 డిగ్రీలే గానీ తేమ చేరాక కూడా 270 దాకా నిలుస్తుంది, దాని గొప్ప అదీ. ధర కూడా అలాగే ఉంటుంది. మీరు ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలకు వెళ్ళే మనిషైతే 600 చాలు, కాకపోతే తరచూ మార్చాలి. ఇవన్నీ డాట్ 4 జాతివే. కంపెనీ అడిగే పలచటి డాట్ 4 కంటే చలికి కొంచెం చిక్కబడతాయి. మనవైపు వాతావరణంలో అది పట్టించుకోవాల్సినంత తేడా కాదు. ఒక్క జాగ్రత్త: డాట్ 5 అని రాసున్న డబ్బా మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది సిలికాన్‌తో చేసింది, మీ కారులోని ఆయిల్‌తో కలవదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది. పేర్లు పెట్టినవాళ్ళకు ఏ పుణ్యం దక్కిందో గానీ షెడ్డుల్లో ఈ రెంటినీ కలగాపులగం చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. డబ్బాలో ఆయిల్ సిరంజీతో లాగేసి, కొత్తది నింపి, "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి. మరిగింది కాలిపర్లలో ఉన్నది, డబ్బాలోది కాదు. నాలుగు కాలిపర్లకూ ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నిపిల్ ఉంటుంది. దానికి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచి, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఒకరు నిపిల్ వదులు చేస్తూ బిగిస్తూ ఉండాలి. మొదట నల్లబడ్డ ఆయిల్ వస్తుంది, మధ్యమధ్య చిన్నచిన్న బుడగలు గొట్టంలో ఎగబాకుతూ కనిపిస్తాయి. లేత పసుపు రంగు ఆయిల్ బుడగ లేకుండా వచ్చేదాకా ఆ చక్రం వదలకూడదు. ఈలోపు పైన డబ్బా ఖాళీ అయితే గాలి లోపలికి పోయి పని మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి ఒక కన్ను దాని మీద ఉండాలి. ఈ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగమనండి, రంగు లేచిపోతుంది.

ఇప్పుడు మీ వర్క్‌షాప్ వాళ్ళ మాటకు వద్దాం. పెద్ద బ్రేకులు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందనే నమ్మకం మీ ఉత్తరంలో ఎక్కడో దాగి ఉంది. దాన్ని పరీక్షించడం తేలికే. కొత్త ఆయిల్ పోయించాక, వెనకా ముందూ ఎవరూ లేని చోట వంద మీద నుంచి ఒక్కసారి పూర్తి బలంతో బ్రేక్ తొక్కి చూడండి. కాలి కింద పెడల్ గడగడలాడిందంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోందని, అంటే మీ బ్రేకుల బలం ఇప్పటికే టైరు పట్టును మించిపోయిందని అర్థం. అక్కడ పిస్టన్లు ఆరు కాదు పన్నెండు పెట్టినా కారు అంతకంటే ముందు ఆగదు. ఆపేది టైరు. డిస్కూ ప్యాడూ చేసే పని కారు పరుగును వేడిగా మార్చడం, ఆ వేడిని గాలికి వదిలేయడం.

ఆ వేడి ఎంతో లెక్క చూస్తే మీ సమస్య మీకే కనిపిస్తుంది. మీతో కలిపి కారు 1,500 కిలోలు అనుకుందాం. గంటకు 180 కి.మీ. నుంచి 80కి తగ్గించిన ప్రతిసారీ దాదాపు 15 లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. అయిదు లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాయడానికి సరిపోయే వేడి అది, మూడు నాలుగు సెకన్లలో. ఇందులో 70 శాతం ముందు బ్రేకులకు పోతుందనుకుంటే, తొమ్మిది కిలోల ఇనప డిస్క్ ఒక్క బ్రేకింగ్‌కే సుమారు 120 డిగ్రీలు వేడెక్కుతుంది. తర్వాతి మలుపులోపు గాలి దాన్ని కొంత చల్లారుస్తుంది, పూర్తిగా చల్లార్చలేదు. మీరు వెళ్ళిన ట్రాక్, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, ల్యాపు 3.7 కి.మీ. నాలుగు ల్యాపులంటే పదిహేను కిలోమీటర్లు కూడా లేదు, అందులో ఎన్నిసార్లు బ్రేక్ తొక్కారో గుర్తు తెచ్చుకోండి. దాని మీద చెన్నై ఎండ.

పైగా శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. రీమ్యాప్ వల్ల స్ట్రెయిట్ చివర 170 దగ్గర ఉండాల్సిన కారు 185కి చేరితే వేగం పెరిగింది తొమ్మిది శాతమే, శక్తి మాత్రం 18 శాతం. ఇంజిన్ మీద పెట్టిన డబ్బంతా బ్రేకులకు అదనపు డ్యూటీ వేసింది. దీనికి తోడు మీ కారులో ఎక్స్‌డీఎస్ ప్లస్ అని ఒక ఏర్పాటుంది. మలుపులో లోపలివైపు చక్రం జారకుండా, కారు ముక్కు తిరిగేలా, మీరు తొక్కకపోయినా అదే ఆ చక్రానికి బ్రేక్ వేస్తుంటుంది. రోడ్డు మీద చక్కటి ఏర్పాటు. ట్రాక్ మీద మలుపు మధ్యలోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కే అలవాటుంటే అదంతా ముందు బ్రేకుల వేడే. కొంచెం ఓపిక పట్టి, స్టీరింగ్ విప్పుకుంటూ తొక్కండి, పైసా ఖర్చు లేకుండా బ్రేకులు చల్లబడతాయి.

కాబట్టి పెద్ద కిట్ ఇచ్చే లాభం బరువులో ఉంది, గాలి ఆడే స్థలంలో ఉంది. అదే వేడి పన్నెండు కిలోల ఇనుము మీద పడితే 120కి బదులు 90 డిగ్రీలే పెరుగుతుంది. డిస్క్ లోపలి సందులు పెద్దవైతే గాలి ఎక్కువ వీస్తుంది. ఒక్కసారి ఆగడానికి కాదు, ఇరవయ్యోసారి కూడా మొదటిసారిలాగే ఆగడానికి పెద్ద బ్రేకులు. 1953లో జాగ్వార్ సీ-టైప్ కార్లు డిస్క్ బ్రేకులతో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన కథలోనూ కిటుకు ఇదే. డ్రమ్ము బ్రేకుల వాళ్ళు బ్రేకులు నీరసిస్తాయని కాచుకుని నడపాల్సి వస్తే, జాగ్వార్ వాళ్ళు గంటల తరబడి అదే చోట, అంతే ఆలస్యంగా బ్రేక్ తొక్కగలిగారు.

మీకు ఆ అవసరం ఉందా అంటే, ఉండొచ్చు. అయితే ఇప్పుడే తేల్చలేం. పాత ఆయిల్‌తో, ఊరి ప్యాడ్లతో జరిగినదాన్ని బట్టి నాలుగున్నర లక్షల నిర్ణయం తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

ఆయిల్ తర్వాత డబ్బు ప్యాడ్ల మీద పెట్టండి. నన్నడిగితే ఈ కారులో మీకు నిజంగా తేడా తెలిసేది అక్కడే. కంపెనీ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, కీచుమనకూడదు, డిస్కును తినకూడదు అని తయారైనవి. ట్రాక్ వేడికి వాటిలోని జిగురు కాలి వాయువు వదులుతుంది, పట్టు సడలుతుంది. అసలైన ట్రాక్ ప్యాడ్లు దీనికి పూర్తిగా తలకిందులు. వేడెక్కాక అద్భుతంగా పట్టుకుంటాయి, చల్లగా ఉంటే మొహం చాటేస్తాయి. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి బెంజ్ సర్కిల్ దగ్గరికి రాగానే స్కూటీ ఒకటి అడ్డం తిరిగితే మీకు కావలసింది చల్లటి ప్యాడ్ పట్టు. అందుకని ట్రాక్ ప్యాడ్లు ఊళ్ళో ఉంచుకోకండి.

రెండు దార్లున్నాయి. ఒకటి ఫెరోడో డీఎస్ 2500 లాంటి మధ్యరకం ప్యాడ్లు వేసి రెంటికీ సర్దుకోవడం. దుమ్ము ఎక్కువ రాలుతుంది, కొంచెం కీచుమంటాయి, ఊళ్ళో కూడా నడుస్తాయి. రెండోది ఊరికి కంపెనీ ప్యాడ్లే ఉంచుకుని, డిక్కీలో ట్రాక్ ప్యాడ్ల సెట్టు వేసుకెళ్ళి అక్కడ మార్చుకోవడం. మీ ఫ్లోటింగ్ కాలిపర్‌తో ముందు ప్యాడ్లు మార్చడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. అయినా విజయవాడ నుంచి అంత దూరం నడుపుకుంటూ వెళ్ళి, ట్రాక్ డే చేసి, మళ్ళీ నడుపుకుంటూ వచ్చే మనిషికి మొదటి దారే సుఖం అంటాను. ఏదైనా సరే, ముందువి మార్చి వెనకవి పాతవే ఉంచొద్దు. సగం కంటే అరిగిన ప్యాడ్లతో ట్రాక్ మీదికి అసలు వెళ్ళొద్దు. ప్యాడ్ మందం డిస్క్ వేడికీ ఆయిల్‌కీ మధ్య ఉన్న గోడ. పలచబడే కొద్దీ వేడి నేరుగా పిస్టన్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి పోతుంది. మీ ప్యాడ్లు ఆ రోజు ఎంత మిగిలి ఉన్నాయో ఒకసారి తీయించి చూడండి.

కొత్త ప్యాడ్లు వేయగానే ట్రాక్ మీదికి దూకొద్దు. వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. డబ్బాలో కంపెనీ ఇచ్చిన కాగితం ప్రకారం చేయండి. సాధారణంగా 90 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు తగ్గించి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేక్ ముట్టకుండా నడపమంటారు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకోండి, సర్వీస్ రోడ్డులోంచి ట్రాక్టర్లు ఎదురొచ్చే చోట ఇలాంటివి వద్దు. ట్రాక్ నుంచి పిట్‌లోకి వచ్చేటప్పుడు కూడా ఆఖరి ల్యాపు మెల్లగా, బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ రండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకండి, బ్రేక్ పెడల్ మీద కాలుంచకండి. గేర్ పార్క్‌లో పెట్టి చక్రం కింద అడ్డు పెట్టండి. ఎర్రగా కాగిన డిస్కును ప్యాడ్ ఒకేచోట పట్టుకుని కూర్చుంటే అక్కడ ప్యాడ్ పదార్థం మచ్చలా అంటుకుంటుంది. మర్నాడు స్టీరింగ్ వణుకుతుంది. "డిస్క్ వంగింది సార్, మార్చాలి" అని షెడ్డులో చెప్పేది చాలాసార్లు ఈ మచ్చల గురించే.

ఇంకో కారణం చక్రం బోల్టులు. ఎయిర్ గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే డిస్క్ సమంగా కూర్చోదు. మీ కారుకు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితో, ఎదురెదురుగా. రెంచి ఒకటి కొని డిక్కీలో వేసుకోండి.

ఇవి చేశాక ఒక ట్రాక్ డే వెళ్ళి కొలవండి. కాలిపర్ మీద అంటించే ఉష్ణోగ్రత స్టిక్కర్లు దొరుకుతాయి. ఎంత వేడి తగిలిందో అంత గడి నల్లబడి అలాగే ఉండిపోతుంది, ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకోవచ్చు. డిస్క్ అంచుకు పూసే రంగులూ ఉన్నాయి: ఆకుపచ్చది 430 డిగ్రీల దగ్గర, నారింజది 560, ఎర్రది 610 దగ్గర రంగు మారుతుంది. ఏ ప్యాడ్ కొనాలో, అసలు పెద్ద డిస్క్ కావాలో వద్దో చెప్పేది ఈ గుర్తులే. కొలవకుండా కిట్ అమ్మేవాడికి మీ బ్రేకుల గురించి మీకంటే ఎక్కువేమీ తెలియదు.

కొత్త ఆయిల్, సరైన ప్యాడ్లు ఉండి కూడా పది పన్నెండు నిమిషాలకే వేడి హద్దు దాటుతోందంటే ముందు గాలి దారి చూడండి. బంపర్ కింద నుంచి ఒక గొట్టం డిస్క్ మధ్యభాగానికి గాలి పోసేలా పెట్టిస్తే తక్కువ ఖర్చులో మంచి తేడా వస్తుంది. వానాకాలం రోడ్ల బురద అందులోకి కొట్టకుండా, చక్రం తిరిగినప్పుడు రాసుకోకుండా అమర్చడమే పనితనం. స్టీల్ అల్లిక గొట్టాలు కూడా అమ్మజూపుతారు. పాతబడి ఉబ్బే రబ్బరు గొట్టాల బదులు వేస్తే పెడల్ గట్టిగా తగులుతుంది, అంతవరకు మంచివే. ఆయిల్ మరగడాన్ని మాత్రం అవి ఆపవు.

అప్పటికీ చాలకపోతే, ట్రాక్ మీ జీవితంలో భాగమైపోతే, కిట్ కొనుక్కోండి, నేను వద్దనను. అప్పుడు అడగాల్సినవి రెండు. ఈ కాలిపర్ పిస్టన్ల వైశాల్యం మొత్తం ఎంత, నా పాతదానితో పోలిస్తే ఎంత? ఇది ఆక్టావియా కోసం లెక్కగట్టిన కిట్టేనా, లేక బోల్టులు సరిపోయాయని బిగిస్తున్నారా? ఫిక్స్‌డ్ కాలిపర్‌లో ఒకవైపు పిస్టన్లనే లెక్కపెట్టి పోల్చాలి. వైశాల్యం మరీ ఎక్కువైతే మీ మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ నెట్టలేక పెడల్ లోతుకు పోతుంది. ముందు బ్రేకుల బలం మరీ పెరిగితే ముందు టైర్లు ముందే పట్టు తప్పి ఏబీఎస్ అడ్డుపడుతుంది, వెనక బ్రేకులు చేయాల్సిన పని చేయకముందే. లక్షలు పోసి ఆగే దూరం పెంచుకున్నవాళ్ళున్నారు. పేరున్న కంపెనీలు ఈ లెక్క కారు కారుకూ వేరేగా చేస్తాయి, మీరు కట్టే డబ్బులో ఎక్కువ భాగం దానికే.

డ్రిల్డ్ డిస్కులు వద్దు. ఆ రంధ్రాల అంచుల దగ్గరే వేడికి నెర్రెలు మొదలవుతాయి, ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి పాకుతాయి. చూడ్డానికి బాగుంటాయి, అంతే. సాదావి గానీ, గాట్లు పెట్టిన స్లాటెడ్ డిస్కులు గానీ తీసుకోండి. 355 డిస్కుకు 18 అంగుళాల చక్రాలు ఎలాగూ తప్పవు, స్పేర్ చక్రం కూడా ముందు వైపు పట్టదు. శ్రీశైలం అడవిలో పంక్చరైతే ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోండి.

కయెన్ కాలిపర్ల సంగతి. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబం కార్లకు అవి వేయడం ప్రపంచమంతా ఉన్న అలవాటే, కాలిపర్లు మంచివే. నా భయం రెండింటి మీద. తుక్కు నుంచి వచ్చిన కాలిపర్ లోపలి రబ్బరు సీళ్ళు ఎన్ని వేడి దెబ్బలు తిన్నాయో ఎవరికీ తెలియదు. దానికంటే ముఖ్యమైనది, ఆ కాలిపర్‌ను మీ కారు చక్రం హబ్‌ను మోసే భాగానికి (నకిల్) కలిపే బ్రాకెట్. బ్రేక్ బలమంతా ఆ ముక్క మీదే పడుతుంది. దాన్ని లేత్ షాపులో ఏదో పలక కోసి చేయిస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. మీ కారు కోసమే తయారైన బ్రాకెట్టు, సరైన గ్రేడు బోల్టులు, కొత్త సీళ్ళు, ఇవన్నీ కలుపుకుంటే మీ ఫ్రెండ్ చెప్పిన పావు వంతు లెక్క నిలవదు. అయినా పిస్టన్ వైశాల్యం ప్రశ్న అలాగే ఉంటుంది.

ఘాట్ గురించి మీ ఆశ సహజమే గానీ అక్కడ మందు వేరు. తిరుమల నుంచి కిందికి దిగడం అంటే దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగడం. నలుగురితో కారు 1,700 కిలోలనుకుంటే ఆ దిగుడులో మొత్తం కోటీ పదహారు లక్షల జౌళ్ళు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. 200 మీద వెళ్ళే మీ కారును నాలుగైదుసార్లు పూర్తిగా ఆపినంత. అదంతా ప్యాడ్ల మీద వేయాల్సిన పని లేదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డునే ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు, మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, వేగం ఎలాగూ ఉండదు. మీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీని మాన్యువల్‌లోకి తెచ్చి రెండో గేరులో, అవసరమైతే మూడులో పెట్టి ఇంజిన్‌ను బిగబట్టనివ్వండి. మలుపు ముందు ఒకసారి గట్టిగా బ్రేక్ తొక్కి వదిలేయండి. కొండంతా పెడల్ మీద తేలిగ్గా కాలు ఆనించి దిగేవాళ్ళ బ్రేకులే అలిపిరి చేరేసరికి కమురు వాసన కొడతాయి. కంపెనీ బ్రేకులు, తాజా ఆయిల్, చిన్న గేరు ఉంటే అమ్మానాన్నలకు ఏ టెన్షనూ ఉండదు.

కాగితాల మాట ఒకటి. బండిని కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. ప్యాడ్లు, ఆయిల్ మార్చడం మామూలు మెయింటెనెన్స్. కాలిపర్లు, డిస్కుల సైజు మార్చాలనుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీని రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి, రీమ్యాప్ సంగతి కూడా. ఇంకా ముఖ్యం, మన ప్రైవేట్ కారు పాలసీల్లో ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి కవరేజీ లేదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద గోడకు తగిలితే ఆ ఖర్చు మీదే అనుకుని వెళ్ళండి. వెనకటి యజమాని పాలసీ మీ పేరుకు మారిందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

ఈ నాలుగున్నర లక్షల్లో ఆయిల్, ప్యాడ్లు, స్టిక్కర్లు, టార్క్ రెంచి పోగా మిగిలేదే ఎక్కువ. అందులోంచి నాలుగు మంచి టైర్లు కొనండి. ఆపేది అవే అని పైనే చెప్పాను కదా. ఇప్పుడున్నవి ఎన్నేళ్ళవో పక్కగోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

ఎర్ర రంగు నిక్షేపంగా వేయించుకోండి. కాలిపర్ల కోసం వేడి తట్టుకునే రంగు విడిగా అమ్ముతారు, అదే వాడమనండి. పిస్టన్‌కు దుమ్ము తగలకుండా ఉండే రబ్బరు మీద, ప్యాడ్లు జరిగే చోట, బ్లీడ్ నిపిల్ మీద పడకుండా టేపు వేయమనండి. పెద్ద కంపెనీ పేరు అచ్చేసిన ఎర్ర ప్లాస్టిక్ తొడుగులు ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తాయి, అవి మాత్రం వద్దు. కాలిపర్‌కు తగలాల్సిన గాలిని అడ్డుకుంటాయి, ట్రాక్ వేడికి కరిగి చక్రానికి అతుక్కుంటాయి.